గుసుల్ గదిలో కళ్లద్దాలు

మజీదా చేతులు పెద్దవి. పెళ్లయిన కొత్తలో ఆ చేతులు చూసి భర్త షౌకత్ నవ్వేవాడు, టైరు విప్పడానికి సాయం రమ్మని ఆట పట్టించేవాడు. అత్వెల్లిలో రోడ్డు పక్కన అతనికి పంక్చర్ల దుకాణం ఉంది. అత్త హుస్సేన్ బీ మాత్రం నవ్వలేదు. కొత్త కోడలి అరచేతులు తిరగేసి చూసింది. గోళ్ల అంచులు వేలితో తడిమింది. "పనికొస్తయ్" అంది. ఏ పనికో ఆ రోజు చెప్పలేదు.

మూడో ఏడు ఊళ్లో ఒక బాలింత చనిపోయినప్పుడు తెలిసింది. అత్త ఏమీ చెప్పకుండా చేయి పట్టుకుని ఆ ఇంటికి తీసుకుపోయింది. ముస్లిం ఇళ్లలో మనిషి పోతే, మట్టికి అప్పగించే ముందు చివరి స్నానం చేయిస్తారు. దాన్ని గుసుల్ అంటారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. రేగాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా కప్పిన గుడ్డ ఒక్క క్షణం కూడా తొలగకూడదు. చేతికి గుడ్డ తొడుక్కుని, ఆ కప్పు కిందికి, చూడకుండా చేయి పోనివ్వాలి. కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత. ఆఖరి నీళ్లలో కర్పూరం. ప్రాణం పోయిన ఒంటికి ఇంకా నొప్పి తెలుస్తుందన్నట్టే ముట్టుకోవాలి.

ఇంతవరకు ఎవరైనా నేర్పగలరు. హుస్సేన్ బీ నేర్పింది మరొకటి ఉంది. ఆ గదిలో కళ్లు చూసింది గది దాటకూడదు. చెడు చెప్పకూడదని అందరికీ తెలుసు. మంచి కూడా చెప్పకూడదనేది ఆమె షరతు. "ఒకామె మొఖంల వెలుగు ఉండె అని జెప్తవ్. రేపు ఇంకొకామె గురించి నోరు తెరవకపోతే, ఆమె మొఖంల వెలుగు లేనట్టే గద" అనేది.

అందుకని ఇరవై ఏళ్లకు పైగా మజీదా ఒకే మాట మీద బతికింది. చుట్టుపక్కల ఊళ్లలో ఏ ముస్లిం ఇంట్లో ఆడమనిషి పోయినా ఆమెకు కబురు వచ్చేది. వెళ్లేది. కడిగేది. కఫన్ అనే తెల్లబట్ట చుట్టేది. చేతులు తుడుచుకుని బయటికి వచ్చేది. కూతుళ్లు గుమ్మం దగ్గర పట్టుకుని అమ్మ ఎట్లా ఉందని అడిగేవాళ్లు. "అల్లా దయ" అనేది. పట్టుచీరల ఇంట్లోనూ అదే మాట, రేకుల ఇంట్లోనూ అదే మాట. ఆమె చేతుల కింది నుంచి వెళ్లిపోయిన వాళ్లంతా ఆమె లోపల ఎక్కడో, మూత వేసిన బావిలో నీళ్లలా, ఒకళ్లలో ఒకళ్లు కలిసిపోయి చప్పుడు లేకుండా ఉండేవాళ్లు. హుస్సేన్ బీ కూడా ఆరేళ్ల కిందట ఆ నీళ్లలోకే వెళ్లింది. ఆమెకు గుసుల్ చేయించింది మజీదాయే.

నిరుడు వానలు మొదలయ్యాక జాస్మిన్ ఊళ్లోకి వచ్చింది. మేడ్చల్ బస్టాండు దగ్గర, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో కొత్తగా తెరిచిన సెంటర్‌కు ఆమె ఇన్‌ఛార్జి. ఇరవై ఆరేళ్ల పిల్ల, మాటకు ముందు నవ్వు. మహిళా సంఘం మీటింగులో నిలబడి, కొద్ది ఏళ్లలో ఇళ్లలో పని చేసే మిషన్లు రాబోతున్నాయని చెప్పింది. వాటికి చేతులున్నాయట గానీ, చేతులతో ఏం చేయాలో తెలియదట. గిన్నెను ఎంత గట్టిగా పట్టుకోవాలి, కోడిగుడ్డును ఎంత మెల్లగా పట్టుకోవాలి, తడిబట్టను ఎన్ని మెలికలు తిప్పి పిండాలి, ఇవన్నీ పుస్తకంలో రాసిస్తే వాటి బుర్రకు ఎక్కవట. పని చేసేవాళ్ల కళ్లలోంచి చూసి నేర్చుకోవాలట. అందుకని కెమెరా ఉన్న కళ్లద్దాలు ఇస్తారు. అవి పెట్టుకుని ఇంట్లో ఎప్పుడూ చేసే పని చేసుకుంటూ పోతే చాలు, గంటకు ఇంతని ఇస్తారు.

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మా ఆయనకు పెట్టుండ్రి. పండుకునుడు ఎట్లనో మంచిగ నేర్సుకుంటది మిషను" అంది వినోద అనే ఆమె వెనక వరసలోంచి. మీటింగంతా ఘొల్లుమంది. జాస్మిన్ కూడా కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మజీదా పేరు రాయించుకుంది. అయితే ఆమెకు దగ్గరి చూపు ఆనదు. పాత కళ్లద్దాలకు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని నెట్టుకొస్తోంది. జాస్మిన్ ఆమెను మేడ్చల్‌కు తీసుకుపోయి కళ్లు పరీక్ష చేయించి, ఆ కెమెరా ఫ్రేములోనే ఆమె నంబరు అద్దాలు వేయించింది. మొదటిసారి పెట్టుకున్నప్పుడు మజీదా చాలాసేపు తన అరచేతులే చూసుకుంది. కూరగాయల కత్తి గీసిన సన్నటి గాట్లు, నీళ్లలో నాని నాని తెల్లబడిన వేలి కొసలు, గోరు పక్కన చిన్న పుట్టుమచ్చ. ఎన్నో ఏళ్లుగా ఈ చేతులతో ఉన్నది వేరెవరో అనిపించింది.

కుడి కాడ మీద వేలు ఆనిస్తే రికార్డు మొదలవుతుంది. మళ్లీ ఆనిస్తే ఆగుతుంది. రికార్డవుతున్నంత సేపూ కణత దగ్గర ఒక చిన్న పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. పెట్టుకున్న మనిషికి అది కనపడదు, ఎదుటివాళ్లకు తెలియడానికి పెట్టారు. సాయంత్రం కళ్లద్దాలను వాటి పెట్టెలో పెడితే, ఆ రోజు చూసిందంతా సెంటర్‌కు చేరిపోతుంది. మూడు నెలలు తిరిగేసరికి వాటిలో కెమెరా ఉందన్న సంగతే ఆమెకు పట్టకుండా పోయింది. అవి ఆమె కళ్లయిపోయాయి. లేవగానే పెట్టుకునేది, పడుకునే ముందు తీసేది.

అది ఒక గురువారం. మజీదా వాకిట్లో కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కణత దగ్గర పచ్చ దీపం వెలుగుతోంది. షౌకత్ దుకాణం వదిలేసి బండి మీద వచ్చాడు. దేవరయాంజాల్‌లో బిల్కీస్ బీ పోయిందని, ఆమె కూతురు సుమయ్య ఫోను చేసి ఏడుస్తోందని, జల్దీ బయలుదేరమని చెప్పాడు. మజీదా చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బురఖా వేసుకుని బండి ఎక్కింది. చూపు కోసం ఉన్నవి అవే కాబట్టి కళ్లద్దాలు కళ్ల మీదే ఉన్నాయి. కాడ మీద వేలు ఆనించడం మరిచిపోయింది.

గుసుల్ గదిలోకి అడుగు పెట్టే ముందు మజీదా ఎప్పుడూ బురఖా విప్పేసి, దుపట్టాను నుదుటి మీదికి లాగి, చెవులూ కణతలూ మూసుకుపోయేలా బిగించి, గడ్డం కింద ముడి వేసుకుంటుంది. తన వెంట్రుక ఒక్కటి కూడా రాలి పోయినామె మీద పడకూడదని. ఆ బిగింపు కింద పచ్చ దీపం కనపడకుండా పోయింది. రెండు అద్దాల నడుమ ఉన్న ఆవగింజంత కెమెరా మాత్రం తెరుచుకునే ఉంది.

గదిలో ఇద్దరు బంధువులు ఉన్నారు. ఒకామె నీళ్లు అందించింది, ఒకామె పరదా పట్టుకుంది. సుమయ్య కూడా మొదట లోపలే ఉంది. తల్లి చేయి బల్ల మీది నుంచి జారి కిందికి వేలాడగానే ఆమెకు కళ్లు తిరిగాయి. ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు. పని అయ్యాక, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న సుమయ్య మజీదా కొంగు పట్టుకుని, అమ్మీ ఎట్లా ఉందో ఒక్క మాట చెప్పమంది. "అల్లా దయ బేటీ" అని మజీదా కొంగు విడిపించుకుంది. ఇంటికి వచ్చి, స్నానం చేసి, కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టింది.

పది పన్నెండు రోజులకు జాస్మిన్ ఫోను చేసి, మంచి ముచ్చట ఉంది, సెంటర్‌కు రమ్మంది. మజీదా వెళ్లేసరికి టీ తెప్పించి, తన కుర్చీ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది.

తెర మీద రెండు చేతులు. తడిసిన పెద్ద చేతులు. తెల్లటి గుడ్డ అంచును కుడి చేయి పట్టుకుని ఉంటే, ఎడమ చేయి దాని కింద నెమ్మదిగా, నిద్రపోతున్న పసిపిల్ల పక్కలోంచి లేచే తల్లిలా కదులుతోంది. ముఖం ఉండవలసిన చోట పొగమంచు ముద్ద. ముఖాలను మిషనే చెరిపేస్తుందని మొదట్లోనే చెప్పి ఉన్నారు. ఎంత చక్కగా చేస్తున్నాయి ఈ చేతులు అనుకుంది మజీదా. అర క్షణం గర్వం వేసింది. ఆ తర్వాతే గోరు పక్కన పుట్టుమచ్చ కనపడింది. గుడ్డ చివర రేగాకు ముక్క అంటుకుని కనపడింది.

ఆ అర క్షణాన్ని ఆమె తర్వాత ఎప్పుడూ క్షమించుకోలేకపోయింది.

"హెడ్డాఫీసోళ్లు మస్తు ఖుషీ అయిన్రు ఆంటీ" అంటోంది జాస్మిన్. "మంచంల ఉన్న పెద్దోళ్లకు స్నానం పోసే మిషను తయారు జేస్తున్నరు. కప్పిన గుడ్డ జరగకుంట గింత మెల్లగ పోసిన వీడియో వాళ్లకు యాడ దొరకలేదంట. ఎవరు ఆంటీ గామె? మీ అత్తమ్మనా?"

మజీదా ఇది గుసుల్ అని చెప్పాలి. ఈమె చనిపోయిన మనిషి అని చెప్పాలి. ఆ మాటలు నాలుక దాకా వచ్చాయి. కానీ ఎదురుగా ఉన్న పిల్ల ముఖంలో అంత సంతోషం ఉంది, బల్ల మీద చల్లారుతున్న టీ ఉంది, ఆ గదిలో చూసింది ఈమె దగ్గరే ఉంటుందని ఇంతకాలం ఊళ్లన్నీ తన గురించి అనుకున్న మాట ఒకటుంది.

"అవ్" అంది.

జాస్మిన్ ఒక కాగితం ముందుకు జరిపింది. వీడియోలో ఉన్నామె తరఫున ఇంటి మనిషి ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలంది. సంబంధం అన్న చోట జాస్మినే కోడలు అని రాసింది. సోమవారం దాకా గడువు ఉందని, ఈలోపు వద్దంటే తీసేస్తారని, ఆ తర్వాత మిషను నేర్చుకునే వాటిలో కలిసిపోతుందని, కలిశాక వేరు చేయడం ఎవరి తరమూ కాదని వివరంగా చెప్పింది. మజీదా సంతకం పెట్టింది.

తర్వాత జాస్మిన్ గొంతు తగ్గించి తన తండ్రి సత్యానందం గురించి చెప్పింది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి పడిపోయాడు. తల్లి లేదు. ప్రతి ఆదివారం చర్చికి పోయే ముందు తనే స్నానం చేయిస్తుంది. "ఆయన కండ్లు మూసుకుంటడు ఆంటీ. నేను గూడ మూసుకుంట. కూతురు ముందట గట్ల ఉండుడు ఆయనకు సావు లెక్క. మిషనుకైతే సిగ్గుండదు గద. దాని ముందట మా నాయినకు గూడ సిగ్గనిపియ్యది" అంది.

మజీదా మేడ్చల్ నుంచి ఆటోలో కూర్చుని వచ్చింది. పక్కన ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో తెలియలేదు. అవ్ అన్న ఆ ఒక్క మాట నోట్లో తుప్పు రుచిలా ఉండిపోయింది. మరిచిపోయి చేసిన తప్పును దేవుడు చూస్తాడు, మన్నిస్తాడు. ఆ మాట మరిచిపోయి అన్నది కాదు. బిల్కీస్ బీ ఒంటి మీద తన అత్త పేరు కప్పింది. మట్టిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లను ఒక్క మాటతో పరదా బయట నిలబెట్టింది.

ఇంటికి రాగానే కళ్లద్దాలు పెట్టెలో పెట్టి, పెట్టెను ట్రంకు అడుగున దాచింది. రెండు రోజులు సరిగా తినలేదు. నమాజుకు ముందు వజూ చేసుకుంటూ చేతులు కడుక్కునేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుకునేది. ఆ చేతులను పదే పదే ఎవరో చూస్తున్నారు. ఆపి చూస్తున్నారు, వెనక్కి తిప్పి చూస్తున్నారు. తను ఏ గదిలో ఉన్నా ఆ చూపు వెంట వచ్చేది. ఒక్కోసారి మనసు ఇంకో దారి పట్టేది. ముఖం చెరిపేశారు కదా, బిల్కీస్ బీ అని ఎవరికి తెలుస్తుంది. ఎక్కడో ఒక మిషను ఈ చేతుల్లాగే మెల్లగా సత్యానందానికి నీళ్లు పోస్తే అందులో పాపం ఏముంది. మధ్యాహ్నమంతా ఈ ఆలోచనను ఒళ్లో పెట్టుకుని జోకొట్టింది. అది నిద్రపోలేదు. సిగ్గు వల్లే కదా ఆ చేయి అంత మెల్లగా కదిలింది అని ఎదురు తిరిగి అడిగింది. పోయినామె సిగ్గు, తన సిగ్గు. అవి తీసేస్తే ఆ కదలికలో మిగిలేది ఏమిటో ఆమెకు తోచలేదు.

శుక్రవారం అన్నంలో రాయి తగిలి షౌకత్ ముద్ద పక్కన పెట్టాడు. కళ్లద్దాలు ఏమయ్యాయని అడిగాడు. మజీదా అప్పుడు చెప్పింది. అతను కంచంలో వేలు తిప్పాడు. ముఖమే కనపడనప్పుడు ఎవరికి తెలుస్తుందని, సోమవారం దాటితే అంతా సర్దుకుంటుందని, ఊరికే ఎందుకు ఇల్లు అల్లరి చేసుకోవడమని అన్నాడు. అంటున్నంత సేపూ ఆమె వైపు చూడలేదు.

"నీ మొఖం ఎందుకు తిప్పుకుంటున్నవ్ మరి" అంది మజీదా.

షౌకత్ చేయి కడుక్కుని దుకాణానికి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున సెంటర్ తలుపు తెరవకముందే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. జాస్మిన్ నవ్వుతూ వచ్చింది. నిలబడిన చోటే మజీదా చెప్పేసింది. అది అత్త కాదని, అత్త పోయి ఆరేళ్లయిందని, ఆ మనిషికి ప్రాణం లేదని. జాస్మిన్ చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది.

"సచ్చిపోయినామెనా" అంది చివరికి. "నేను మూడుసార్లు సూసిన ఆంటీ. కొత్తగ వచ్చినోళ్లకు సూపిచ్చిన, గిట్ల జెయ్యాలె అని. పదకొండు మంది సూసిన్రు, ఆడోళ్లు మొగోళ్లు. సంతకం పెట్టినరు గద మీరు. మీ చెయ్యి నమ్మి నేను కోడలు అని రాసిన."

మజీదా తల వంచుకుని నిలబడింది. కూతురు వయసున్న పిల్ల ముందు అలా నిలబడడం న్యాయంగానే అనిపించింది. జాస్మిన్ తలుపు తీసి లోపలికి వెళ్లి, కొంతసేపటికి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు గొంతులో కోపం లేదు, స్నేహమూ లేదు. ఇక్కడ ఉన్నదాన్ని ఇప్పుడే చెరిపేస్తానంది. హెడ్డాఫీసుకు పోయినదాన్ని తీయించాలంటే పోయినామె సొంత ఇంటి మనిషి సంతకం కావాలంది, అదీ సోమవారం లోపు. ఆ కాగితం పట్టుకుని సుమయ్య ఇంటికి వెళ్లడం తప్ప మజీదాకు ఇంకో దారి లేకపోయింది.

దేవరయాంజాల్‌లో సుమయ్య వరండాలో కూర్చుని, ఎవరికైనా ఇవ్వడానికని తల్లి బట్టలు మూటలు కడుతోంది. మజీదాను చూడగానే లేచి, ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. అమ్మీని సాగనంపిన చేతులు అంది. కుర్చీ దులిపి వేసింది. టీ తెచ్చింది. మజీదా ఆ టీ ముట్టలేదు. చేతులు బురఖాలోకి లాక్కుని, నేల మీద ఒక గీత వైపు చూస్తూ, గురువారం చాట ముందు కూర్చున్న దగ్గర నుంచి జాస్మిన్ తాళంచెవి దాకా ఏదీ వదలకుండా చెప్పింది. అవ్ అన్న మాట కూడా చెప్పింది.

సుమయ్య మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత మళ్లీ బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒకే కుర్తాను విప్పి మడిచింది, మళ్లీ విప్పింది.

"ఎంతమంది సూసిన్రు ఖాలా?"

"ఈడ పదకొండు మంది. ఆడ ఎందరో తెల్వదు బేటీ."

"మొగోళ్లు?"

"ఉన్నరు."

కుర్తా చేతిలోంచి జారింది. "ఆ దినం నీ కొంగు పట్టుకొని అడిగిన" అంది సుమయ్య. అరవలేదు. పక్కింట్లో ఎవరికీ వినపడనంత మెల్లగా అంది. "అమ్మీ ఎట్లున్నదో ఒక్క మాట జెప్పమన్న. నేను పడిపోయిన, ఆఖరిసారి సూసుకోలె. నువ్వు జెప్పలె. కడుపున పుట్టిన నాకు జెప్పనిది పదకొండు మందికి సూపిచ్చినవ్."

మజీదా మాఫ్ చేయమని అడిగింది. అడుగుతుంటే ఆ మాట చిన్న గిన్నెలా, జరిగినదంతా అందులో పట్టనట్టు అనిపించింది.

"నేనెవరు మాఫ్ జెయ్యనీకి" అంది సుమయ్య. "పరదా పోయి బేపర్దా అయింది అమ్మీ. అడిగితే ఆమెను అడుగు."

కాగితం మీద సంతకం పెట్టింది. టీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లి, అలాగే తిరిగి వచ్చి, మెట్టు దిగుతున్న మజీదాను పిలిచింది. "ఖాలా. ఇగముందు ఎవరింటికన్న పోతే, గుమ్మం దాటకముందే గీ ముచ్చట జెప్పు. ఇన్నంక రమ్మంటే పో. రమ్మనకపోతే పోకు."

మజీదా సరే అంది. ఇంతకంటే కొట్టినా బాగుండేదని దారి పొడవునా అనుకుంది.

ఆ కాగితం మజీదా శనివారమే సెంటర్‌లో ఇచ్చేసింది. సోమవారం మధ్యాహ్నం వెళితే జాస్మిన్ ఫోను చూపించింది. హెడ్డాఫీసు నుంచి తీసేశామని ఒక్క ముక్క వచ్చింది. తీసేసిన చోటు చూపిస్తారా అని అడిగింది మజీదా.

"లేనిదాన్ని ఎట్ల సూపియ్యాలె ఆంటీ? ఈడ నేనే చెరిపిన. ఆడ చెరిపినం అంటున్నరు. గంతకన్న నాకూ తెల్వదు" అంది జాస్మిన్. అబద్ధం చెప్పడం చేతకాని ముఖం అది.

మజీదా కళ్లద్దాల పెట్టె బల్ల మీద పెట్టింది. నంబరు అద్దాలు ఆమెవే కాబట్టి విప్పి ఇస్తానంది జాస్మిన్. వద్దంది. మెట్ల దాకా వచ్చాక జాస్మిన్ ఆగి, చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు గోడ గీరింది. నిన్న ఆదివారం నాయినకు నీళ్లు పోస్తూ, మీరు కప్పినట్టే గుడ్డ కప్పి పోశానంది. "ఎప్పటి లెక్క కండ్లు మూసుకోలె ఆంటీ. తెరిచే ఉంచిండు. నన్ను సూసిండు" అంది. అని కళ్లు తుడుచుకుంది.

మజీదా మెట్లు దిగింది. ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు. సంతోషించబోతే బిల్కీస్ బీ గుర్తొస్తుంది. పారేయబోతే, మంచంలో కళ్లు తెరిచి కూతుర్ని చూసిన ఒక ముసలి తండ్రి అడ్డం వస్తాడు.

రెండు నెలలు ఎవరూ పిలవలేదు. సుమయ్య ఎవరికీ చెప్పలేదని మజీదాకు తెలుసు. పిలవకపోవడానికి కారణం ఎవరూ పోకపోవడమే. అయినా ఫోను మోగిన ప్రతిసారీ చేతిలో పని వదిలి చూసేది. చెప్పకుండా లోపలికి పోవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆమెను భయపెట్టేది. ఒకసారి అది ఎంత సులువో చూసింది.

చలికాలం మొదట్లో, పొద్దెక్కే వేళ, వాళ్ల సందులోనే ఉండే ఇర్షాద్ పరుగున వచ్చాడు. తల్లి పోయిందన్నాడు. మజీదా వెళ్లింది. వాకిట్లో ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె గుమ్మం ముందు ఆగిపోయింది.

"లోపలికి రాకముందు నేనొక ముచ్చట జెప్పాలె" అంది.

పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. తను చేసింది చెప్పింది. చనిపోయిన ఒక తల్లి గుసుల్ తన కళ్ల మీది కెమెరాకు చిక్కిందని, పరాయివాళ్లు చూశారని, అడిగితే అబద్ధమాడానని. ఇది విన్నాక కూడా రమ్మంటే వస్తానంది. వాకిట్లో ఎవరో నిట్టూర్చారు. ఒకామె తన దుపట్టా ఛాతీ మీదికి లాక్కుంది, మజీదా కళ్ల మీద ఇప్పుడు ఏముందో చూసి. దారం కట్టిన పాత కళ్లద్దాలే ఉన్నాయి. అయినా లాక్కుంది. ఇర్షాద్ మేనత్త లోపలికి వెళ్లి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, బయటికి వచ్చింది. మేమే చేసుకుంటాం, నువ్వు రావద్దులే అంది. కటువుగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

మజీదా తల ఊపింది. పోబోయి ఆగింది. ఆ ఇంట్లో ఎవరికీ ఈ పని రాదని ఆమెకు తెలుసు. వెనక వైపుకు నడిచి, పొయ్యి రాజేసి, నీళ్లు పెట్టి, రేగాకు దూసి వేసింది. కాగిన నీళ్లను చల్లనీళ్లతో సరిచేసి, బకెట్లు పరదా దాకా తెచ్చి పెట్టింది. లోపలి నుంచి ఒక చేయి వచ్చి తీసుకుంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అందరూ నిలబడి ఉన్నారని ఆమెకు అర్థమైంది.

"ఆపా" అని పిలిచింది ఇర్షాద్ భార్య జోయా, పరదా వెనక నుంచి. "ఉన్నవా? ముందుగాల ఏం జెయ్యాలె?"

మజీదా గుమ్మానికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ముందుగాల కప్పుండ్రి. బొడ్డు కాడికెల్లి మోకాళ్ల దాకా. కప్పినంకనే కింది బట్ట తియ్యాలె. ఎడమ చేతికి గుడ్డ సుట్టుకో. నీళ్లు నీ మోచేతి మీద పోసుకొని సూడు, సుర్రుమనకూడదు."

లోపల నీళ్ల చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. మజీదా ఒక్కో మాటా గోడకు చెబుతోంది, లోపల ఎవరివో తెలియని చేతులు వింటున్నాయి. పడకుండా తల కింద చేయి పెట్టమంది. చెవుల్లోకి నీళ్లు పోకుండా దూది పెట్టమంది. జల్దీ వద్దంది. ఒకచోట జోయా ఊపిరి బిగబట్టి, "ఆపా, ఈడ అత్తమ్మకు..." అని ఏదో చెప్పబోయింది.

"నాకు జెప్పకు బిడ్డా" అంది మజీదా. "ఎడమ దిక్కుకు తిప్పుండ్రి ఇగ. మెల్లగ."

గదిలోంచి నీళ్లు తూముగుండా బయటికి వచ్చాయి. ఆకు ముక్కలతో, సన్నటి ఆవిరితో, ఆమె కూర్చున్న చోటి దాకా పారుతూ వచ్చాయి. మజీదా బురఖా అంచు పైకి లాక్కుని, పోయినామెను కడిగిన ఆ నీళ్లను తొక్కకుండా, తన కాళ్లకు తగలనివ్వకుండా పక్కకు జరిగి కూర్చుంది.